ఈశాన్యం మూల ఖాళీ

"ఎవరు లేచారు?"

వంటింట్లోంచి హైమవతి కేకేసింది. కాకినాడలో ఆ కాలాన ఏ ఇంట చూసినా పొద్దున్నే వినబడే మొదటి మాట అదే. వెనకటి తరాలవాళ్ళు "లేచారా?" అని అడిగేవారు. ఇప్పుడు లేవడంలో అనుమానం లేదు, లేచిందెవరన్నదే అనుమానం.

మామూలుగా అయితే పడగ్గదిలోంచి రెండు జవాబుల్లో ఒకటి వస్తుంది. పనిరోజుల్లో "చలాకి!" అని టపాకాయలా పేలుతుంది. సెలవురోజుల్లో "నిమ్మళం..." అని మజ్జిగలా జారుతుంది. ఆ ఆదివారం మాత్రం ముందుగా ఒక తుమ్ము వినబడింది. ఒకే ఒక్క తుమ్ము. తరవాత నిశ్శబ్దం. ఆ తరవాత,

"హైమా! నా కాజాలు ఎవరే కాజేసింది?"

హైమవతి చేతిలోంచి గరిట జారి సాంబారులో మునిగిపోయింది. ఆ గొంతు ఆవిడ విని పద్నాలుగేళ్ళయింది. గొంతు రోజూ వింటున్నదే, దివాకరం గొంతే. ఆ గొంతులోంచి ఆ మాదిరి మాట వచ్చి పద్నాలుగేళ్ళు.

పూర్వం కంప్యూటర్ల కాలంలో ఒక కిటుకు ఉండేదిట. ఒకే హార్డ్ డిస్కుని పార్టిషన్ చేసి, రెండు భాగాల్లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టుకునేవారు. మీట నొక్కితే తెరమీద రెండు పేర్లు వచ్చేవి. పది లెక్కపెట్టేలోపు ఏది కావాలో చెప్పు, చెప్పకపోతే నాకు తోచింది నేను మొదలెడతాను అనేది యంత్రం. ఆ పాత కిటుకుని ఈ తరంవాళ్ళు తలకెక్కించుకున్నారు. మాటవరసకి కాదు, నిజంగానే తలకెక్కించుకున్నారు.

తల లోపల కంటికి కనబడని 'తలగోడ' ఒకటి కడతారు. గోడకి అటొక నడవడి, ఇటొక నడవడి. చలాకి నడవడిలో లేచిన దివాకరం రేవులో ఏ ఓడకి ఏ సరుకు ఏ వరసలో ఎక్కాలో కళ్ళు మూసుకుని చెప్పేస్తాడు. నిమ్మళంలో లేచిన దివాకరం కాఫీ కలిపి తెచ్చిస్తాడు, చెప్పినదానికల్లా తలూపుతాడు, గొంతు పెంచడు. జరిగిన సంగతులన్నీ ఇద్దరూ వాడుకునే 'ఉమ్మడి వసారా'లో ఉంటాయి గనక మతిమరుపు బాధ లేదు. మారేది జ్ఞాపకం కాదు, మనిషి. పొద్దున్నే కళ్ళు తెరవబోయే ముందు రెప్పల లోపలి వైపు 'రెప్పపలక' వెలుగుతుంది. దానిమీద రెండు పేర్లు. కావలసిన పేరు చూసి ఒక్కసారి రెప్ప బిగిస్తే చాలు, మళ్ళీ నిద్రపోయేదాకా ఆ మనిషే.

అర అంటే గది, అర అంటే సగం కూడాను. ఒక్కో అరలో ఒక్కో అరమనిషి కాపురం. రెండూ కలిపితే ఒక మనిషి అవుతాడని గోడలు కట్టే సంస్థవారి లెక్క. ఆ లెక్కలో వాళ్ళు కావాలనే వదిలేసినవి కొన్ని ఉన్నాయి. కంగారు పనికి అడ్డమని చలాకిలో పెట్టలేదు, ఆరోగ్యానికి చేటని నిమ్మళంలో పెట్టలేదు. వెటకారం, శ్లేష కూడా అలాగే పోయాయి. ఊరు ఊరంతా కుదుటపడింది.

ఊళ్ళో కుదుటపడనిది హైమవతి ఒక్కతే. ఒకే ఏడాదిలో ఒకే ఇంట్లో రెండు గోడలు లేవకూడదని వాస్తు సిద్ధాంతిగారు చెప్పడంవల్ల ఆవిడ వంతు మరుసటి ఏటికి వాయిదా పడింది. ఆ మరుసటి ఏడు ఇంకా రాలేదు. ఆ అపార్ట్‌మెంట్‌లో మిగిలిన ఏకైక 'ఒంటితల' ఆవిడే. దాంతో కంగారు పని మొత్తం ఆవిడకే అప్పజెప్పేశారు. రెండో అంతస్తు వరహాలుగారు వారానికి రెండుసార్లు గుమ్మంలో నిలబడేవారు.

"హైమవతిగారూ, మా అమ్మాయి సామర్లకోట వెళ్ళి ఇంకా రాలేదండి. నేనేమో నిమ్మళంలో ఉన్నాను, నాకేం అనిపించట్లేదు. మీరు కాస్త కంగారుపడి పెడతారా?"

"ఎన్నింటికి వస్తానందేంటి?"

"నాలుగింటికి. ఇప్పుడు ఆరైంది."

"ఆరైందా! ఫోను చేశారా? బండి మీద వెళ్ళిందా? వాన కూడా పట్టేట్టుంది..."

"ఆ, అదేనండి! అలాగే. బాగా పడుతున్నారు. నేను వెళ్ళి పడుకుంటాను."

అలా పద్నాలుగేళ్ళుగా ముప్ఫై రెండు వాటాల కంగారు మోస్తున్న హైమవతి, ఆ ఆదివారం సాంబారు గరిటతో సహా మరిచిపోయి పడగ్గదిలోకి పరిగెత్తింది.

దివాకరం మంచంమీద కూర్చుని తన చేతులు తాను చూసుకుంటున్నాడు. "హైమా, ఈ చేతులేంటి ఇలా ముడతలు పడ్డాయి? నీ జుట్టు తెల్లబడిందేంటి? గోడమేస్త్రి నూకరాజు ఏడీ? ఇప్పుడే గదా కుర్చీలో కూర్చున్నాను. తలుపు వేశావా? అయ్యో, వీధి తలుపు!"

లేచి వెళ్ళి తలుపు గడియ లాగి చూశాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ వెళ్ళి లాగి చూశాడు.

హైమవతి గుమ్మంలోనే ఆగి చూసింది. గోడ కట్టకముందు మనిషి. తన మొగుడు. మొదటివాడు.

"ఎలా లేచారు మీరు?"

"ఎలా ఏంటి? మెలకువొచ్చింది. తుమ్మొచ్చింది. ఒక్క తుమ్ముకి ఏ పనీ మొదలుపెట్టకూడదు గదా అని కాసేపు ఆగాను. కళ్ళలో ఏదో పలక, అంకెలు. పదయ్యాయి. కళ్ళు తెరిచాను. కాజాలు గుర్తొచ్చాయి."

ఊళ్ళో లక్షమంది రోజూ పలక చూసి ఠక్కున రెప్ప బిగించేవారు. తుమ్మినందుకు ఆగి, పది అంకెలూ దొర్లనిచ్చినవాడు ఇతనొక్కడే. పదీ అయ్యాక ఏ పేరూ ఎంచకపోతే యంత్రం మొట్టమొదటి జాగాలో ఏముంటే దాన్ని లేపుతుంది. మొదటి జాగాలో చలాకి ఉంటుందని సంస్థవారి ధీమా. దివాకరం తలలో మొదటి జాగా ఈశాన్యం మూల.

ఆ మూల కథ పద్నాలుగేళ్ళ నాటిది. ఆ రోజుల్లో మొగుడూ పెళ్ళాలు పొద్దస్తమానం కీచులాడుకునేవారు. ఆయన ప్రతిదానికీ కంగారు, ప్రతిమాటకీ ఒక శ్లేష. రెండోది మొదటిదానికన్నా భరించడం కష్టం. చివరికి ఇద్దరూ కలిసి గోడ కట్టించుకుందామనుకున్నారు. గోడమేస్త్రి నూకరాజు పెట్టెతో వచ్చాడు. హైమవతి వాళ్ళ నాన్నగారు వాస్తు సిద్ధాంతిగారిని వెంటబెట్టుకొచ్చారు. కట్టేది ఏదైనా గోడ గోడే, వాస్తు చూడకుండా ఎలా కడతారని పెద్దాయన పట్టు.

"ఈశాన్యం శూన్యంగా ఉండాలి. అక్కడ బరువు పెట్టకూడదు. ఖాళీ వదిలెయ్," అన్నారు సిద్ధాంతిగారు.

"తలకి ఈశాన్యం ఏటండీ బాబూ?" అన్నాడు నూకరాజు. "ఆయన తల తిప్పితే మారిపోద్ది గదా?"

"మనిషి దక్షిణానికి తలపెట్టి పడుకుంటాడా లేదా? పడుకున్నప్పుడు లెక్క. కుడిచెవి కింద మూల ఈశాన్యం. అక్కడ వదిలెయ్."

అలా మామూలుగా మూలనుంచి మొదలవ్వాల్సిన గోడ రెండంగుళాలు జరిగి లేచింది. మూల మాత్రం మిగిలిపోయింది. పద్ధతి ప్రకారం ముందు పాత నడవడికి 'నకలు' తీసి భద్రపరిచి, తరవాత పాతదాన్ని చెరిపెయ్యాలి. నకలుకి ముప్పావుగంట పడుతుంది. వర్జ్యం మూడు నిమిషాల్లో వస్తోంది. "కానియ్యవయ్యా, వర్జ్యం వచ్చేస్తోంది!" అని సిద్ధాంతిగారు గడియారం చూపిస్తుంటే నూకరాజు నకలు తియ్యలేదు, పాతది చెరపలేదు. అరల పట్టీలోంచి దాని పేరు మాత్రం కొట్టేసి మీట నొక్కేశాడు. పేరు లేకపోతే ఉన్నట్టు కాదని ఏ పట్టీ అయినా అనుకుంటుంది. అలా పాత మనిషి ఆ మూలలోనే ఉండిపోయాడు.

మీట పడే ముందు దివాకరం చెయ్యెత్తాడు. "హైమా, ఒక్క నిమిషం," అన్నాడు. అంతే. ఆ తరవాత కళ్ళు తెరిచింది నిమ్మళం.

ఆ 'ఒక్క నిమిషం' హైమవతి లోపల పద్నాలుగేళ్ళుగా కదులుతూనే ఉంది. వద్దనబోయాడు. కట్టొద్దనబోయాడు. తను వినలేదు. ఆ తరవాత తన గోడు వినేందుకు గోడ తప్ప మిగల్లేదు.

ఆ ఆదివారమంతా ఆయన కుదురుగా కూర్చోలేదు. ఆవిణ్ణీ కూర్చోనివ్వలేదు. కిటికీ రెక్క ఊగుతోందన్నాడు, కుళాయి కారుతోందన్నాడు, ఆవిడ చిక్కిపోయిందన్నాడు. పద్నాలుగేళ్ళు పోయాయని తెలిసి అద్దంలో మొహం చూసుకున్నాడు. తరవాత, "పోనీలే, పాత కాజా అయినా లోపల పాకం ఉంటుంది," అన్నాడు. హైమవతి ఏడవబోయి నవ్వింది. సాయంత్రానికి గొడవ కూడా పడ్డారు. దేనికో ఇద్దరికీ గుర్తులేదు గాని హాయిగా పడ్డారు. కంగారు అప్పజెప్పడానికి కాకుండా మొదటిసారి వరహాలుగారు కిందికి దిగొచ్చి, "ఏంటండీ చప్పుడు?" అని నిమ్మళంగా అడిగి వెళ్ళిపోయారు.

మర్నాడు లేచింది చలాకి. "నిన్న ఆదివారం వసారాలో నమోదు కాలేదు. గురువారం గోడ తనిఖీ ఉందిగా, మేస్త్రికి చూపిద్దాం," అని చొక్కా తొడుక్కుని రేవుకి వెళ్ళిపోయాడు.

గురువారం తనిఖీ, గోడ కట్టాక మొదటిది. హైమవతికి కూర్చుంటే ముళ్ళు, నిలబడితే నిప్పులు. నూకరాజు వస్తాడు, మూల చూస్తాడు, లెక్కలో లేని జాగా దొరికిందని ఊడ్చేసి చలాకికి కలిపేస్తాడు. ఈలోపు ఆయన్ని మళ్ళీ లేపాలి. లేపాలంటే తుమ్ము కావాలి. ఎవరు తుమ్మినా ఆయన ఆగుతాడు. ఏ నడవడిలో ఉన్నా ఆ ఆగడం పోలేదు, అది ఒంటికి అలవాటైన విద్య. కాకపోతే ఒక్క తుమ్మే కావాలి. రెండు తుమ్మితే శుభం, ఆగక్కర్లేదు.

మంగళవారం ఆయన మెలకువ వేళకి పడగ్గది గుమ్మంలో పొయ్యి పెట్టి ఎండుమిరపకాయలు వేయించింది. ఘాటుకి ఆవిడకి వరసగా నాలుగు తుమ్ములొచ్చాయి. "శుభం! చలాకి!" అంటూ ఆయన లేచి వెళ్ళిపోయాడు. హైమవతి కళ్ళు తుడుచుకుంటూ అక్కడే కూర్చుంది. బుధవారం ఒకే ఒక్క మిరపకాయ వేసింది. ఒక్క తుమ్మొచ్చింది. రెండోది తన్నుకొస్తుంటే ముక్కు రెండు చేతులా నొక్కి పట్టుకుంది. కళ్ళలోంచి నీళ్ళు ధారకట్టాయి. లోపల్నుంచి గొంతు వినబడింది.

"హైమా, ఏంటా ఘాటు? ఇల్లు తగలబెడుతున్నావా?"

ఆవిడ గుమ్మంలోనే చతికిలబడి రెండో తుమ్ము తుమ్మేసింది.

కాఫీ తాగుతూ సంగతంతా చెప్పింది. తనిఖీలో రెండిట్లో ఒకటే జరుగుతుంది. మూల ఊడ్చేస్తే ఆయన పోతాడు. అలా కాదంటే గోడ కూల్చాలి. నకలు లేదు గనక పాత మనిషిని ఇంకోచోటికి మార్చే వీలు లేదు. కూలిస్తే చలాకీ, నిమ్మళం, వసారా అన్నీ పోతాయి, పాతవాడొక్కడే మిగులుతాడు.

దివాకరం హాల్లో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాడు. "అంటే నేనుండాలంటే వాళ్ళిద్దరూ పోవాలా?"

"వాళ్ళు మీరే కదండీ."

"నేనే అయితే నాకెందుకే తెలీదు? వాడు నీకు పద్నాలుగేళ్ళు కాఫీ కలిపిచ్చాడన్నావు. నీకు టైఫాయిడ్ వచ్చినప్పుడు పక్కన కూర్చున్నాడన్నావు. అలాంటివాణ్ణి నేనొచ్చి మెడపట్టి గెంటడమా? పాపం, వాడికి చెప్పావా అసలు? చెప్పకుండా ఎలా?" తలుపు దాకా వెళ్ళాడు, గడియ లాగాడు, తిరిగొచ్చాడు. "వాణ్ణి అడుగు. ముందు వాణ్ణి అడుగు, హైమా."

హైమవతి ఆయన మొహంలోకి చూసింది. తనని తీసేస్తారేమోనన్న భయంకన్నా, తనకోసం పోవలసినవాడి గురించి ఆదుర్దా ఎక్కువగా ఉంది ఆ మొహంలో. ఇక ఆపుకోలేక పద్నాలుగేళ్ళ మాట అడిగేసింది.

"ఆ రోజు కుర్చీలో... ఒక్క నిమిషం అన్నారు. ఏం చెప్పబోయారండీ? వద్దనబోయారు కదూ?"

దివాకరం నుదురు చిట్లించాడు. ఆయనకది మొన్నటి మాటే. "వద్దనా? లేదే. పొయ్యి ఆపావా అని అడగబోయాను. నువ్వు పాలు పెట్టి వచ్చావు గదా."

హైమవతి కాఫీ గ్లాసులు తియ్యడానికి లేచింది. పద్నాలుగేళ్ళ బరువు దిగింది. దిగినచోటే ఇంకేదో ఎక్కింది.

గురువారం తనిఖీకి సెలవు పెట్టారు గనక లేచింది నిమ్మళం. నూకరాజు పదింటికల్లా వచ్చాడు. జుట్టు నెరిసింది, పెట్టె మాత్రం అదే. కుర్చీ వెనక నిలబడి పరికరం చెవి దగ్గర పెట్టి చూసి, మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"అమ్మా, మూల ఖాళీ కాదండి. ఆరోజు నేను తొందరపడ్డాను. తప్పు నాదేనండి. వర్జ్యాన్ని తప్పించుకుందామని పోయి ఇందులో పడ్డాం. ఇప్పుడు చెప్పండి. ఊడ్చెయ్యమంటారా, గోడ కూల్చమంటారా? ఏదైనా సరే, మేలుకుని ఉన్నాయన వేలిముద్ర వెయ్యాలి."

మేలుకుని ఉన్నాయన ఆవిడకేసి చూసి చిరునవ్వు నవ్వాడు. హైమవతి ఆయన ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటే కూడదీసుకుని అంతా చెప్పింది. గోడ కూల్చితే మీరుండరు అని కూడా చెప్పింది.

"సరే హైమా. నీ ఇష్టం," అన్నాడు నిమ్మళం. సిరా డబ్బా తీసుకుని కూల్చివేత కాగితంమీద వేలు అద్దాడు. కాఫీ తెమ్మంటే తెచ్చినంత తేలిగ్గా అద్దాడు.

ఆవిడ ఆ వేలికేసి చూసింది. ఒక మనిషిని పొమ్మంటే, సరే అన్నాడు. పద్నాలుగేళ్ళలో ప్రతిదానికీ అన్నట్టే. ఇన్నాళ్ళూ ఆ 'సరే' వినీ వినీ విసుగెత్తిందే గాని, ఆ 'సరే' అనే ప్రాణి ఒకటుందని, సెలవునాడల్లా ఆవిడ చెయ్యి కాలకుండా గ్లాసుకి గుడ్డ చుట్టి ఇచ్చేదని తోచలేదు. ఆపమందామనుకుంది. ఆపితే మొదటివాడు పోతాడు. అటు చూసినా ఇటు చూసినా మొగుడే.

నూకరాజు మీటమీద చెయ్యి వేశాడు.

హైమవతి తుమ్మింది.

మిరపకాయ లేదు, ఎత్తూ లేదు. ఏడుపు ఆపుకుంటుంటే ముక్కు తనంతట తాను తుమ్మేసింది. ఒక్క తుమ్ము.

నూకరాజు చప్పున చెయ్యి తీసేశాడు. "ఆగాలండి. ఈసారి నేను తొందరపడనండి. ఆయ్, నావల్ల కాదు." స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ముగ్గురూ కూర్చున్నారు.

కాసేపటికి కుర్చీలో కదలిక. నిమ్మళం ఎప్పుడూ కదలడు, పెట్టినచోట కూర్చుంటాడు. ఇప్పుడు కుడికాలు ఊపుతున్నాడు. చొక్కా బొత్తాం తిప్పుతున్నాడు. కడుపుమీద చెయ్యి పెట్టుకుని, అక్కడేదో తప్పిపోయినట్టు వెతుక్కుంటున్నాడు.

"హైమా," అన్నాడు. "ఒక్క నిమిషం."

ఆవిడ ముందుకి వంగింది.

"పొయ్యి ఆపావా?"

నూకరాజు మెల్లిగా లేచి పరికరం మళ్ళీ ఆయన చెవి దగ్గర పెట్టాడు. వేళ్ళతో అటూ ఇటూ తడిమాడు. "చెమ్మండి," అన్నాడు గొంతు తగ్గించి. "గోడ చెమ్మ పట్టేసింది. మూలనుంచి దిగింది. ఇన్నేళ్ళ నుంచి కొంచెం కొంచెంగా దిగుతున్నట్టుంది. మొన్న రెండుసార్లు ఆయన లేచేసరికి ఇటు పక్కకి వచ్చేసింది. ఇలాంటిది మా సంస్థ పుస్తకంలో లేదండి."

"ఇప్పుడు కూలిస్తే?"

"ముగ్గురూ పోతారండి. ఊడ్చినా అంతే, ఎవర్దెంతో తేలదు. చెమ్మ గోడ ఆరేదాకా ముట్టుకోకూడదు."

"ఎప్పటికి ఆరుతుంది?"

నూకరాజు ఆవిడ మొహం కేసి, కారుతున్న కళ్ళ కేసి చూశాడు. "మీరున్న ఇంట్లో ఆరదండి," అన్నాడు.

"హైమా," కుర్చీలోంచి మళ్ళీ గొంతు, ఈసారి కాస్త పెద్దగా. "మాడువాసన వస్తోంది. నాకేదో అవుతోంది లోపల, దీన్నేమంటారో తెలీదు గాని బాగాలేదు. ఒకసారి వెళ్ళి చూడవూ?"

అప్పుడు గుర్తొచ్చింది హైమవతికి. నూకరాజుకి కాఫీ ఇద్దామని పాలు పెట్టింది. ముప్ఫై రెండు వాటాల పొయ్యిల గురించి రోజూ కంగారుపడే మనిషి సొంత పొయ్యి మరిచిపోయింది. పరిగెత్తింది. గిన్నె అడుగు నల్లగా మాడి, పాలు పొంగి బండంతా కారాయి. పొయ్యి ఆపి, కిటికీ తెరిచి, కొంగుతో పొగ విసురుతూ నిలబడింది. దగ్గొచ్చింది. నవ్వొచ్చింది. రెండూ కలిసి వచ్చాయి.

హాల్లోంచి అడుగుల చప్పుడు. వీధి తలుపు గడియ లాగిన చప్పుడు. మళ్ళీ అడుగులు. మళ్ళీ గడియ.

లేచింది ఎవరని ఆవిడ అడగలేదు.

"ఆపానండీ!" అని కేకేసింది.

రెండు నిమిషాలాగి ఆయన మళ్ళీ అడిగాడు.